గోళ్ళరంగు పూసిన తూటాలు

ఆరున్నర దాటి పది నిమిషాలైంది, వాకీటాకీ ఇంకా నోరు విప్పలేదు. మా ఆయన ఎవర్ట్ ఉన్నప్పుడు ఎక్కడ పెట్టేవాడో అక్కడే పెట్టాను, వంటగది కిటికీ గూట్లో, జెరేనియం కుండీకి ఆనించి. దాని గరగర వింటూ రెండో కప్పు కాఫీ చల్లారబెట్టుకుంటున్నాను. బయట చిత్తడినేల మీద పొగమంచు మీగడ కట్టినట్టు పరుచుకుంది. ఆ పొగమంచుకు అవతల, ఫర్ చెట్ల అంచున, ఏడో నంబరు మాటు మంచె మీద నా కూతురు వెండెలా కూర్చుని ఉంటుంది, వాళ్ళ నాన్న రైఫిల్ ఒళ్ళో పెట్టుకుని. నిచ్చెన మూడో మెట్టు పుచ్చిందని రెండేళ్ళుగా చెప్తున్నాను. జారి పడ్డా ఎవరికీ వినిపించదు. ఈ రోజు సెప్టెంబరు మొదటి సోమవారం, మూస్ దుప్పుల వేట మొదలయ్యే రోజు. మా వెస్టర్‌బొట్టెన్ జిల్లాలో ఈ పూట ఇంటికొకరైనా అడవిలో ఉంటారు, రంపపు మిల్లు మూసేస్తారు, ఊళ్ళో మిగిలేది కాళ్ళు పట్టేసిన ముసలివాళ్ళు, నాలాంటి పిరికివాళ్ళు. పది గంటలకల్లా ఎవరో ఒకరి ఇంటి ముందు గుర్రమంత దుప్పి కాళ్ళు చాపి పడి ఉంటుంది, చేటల్లాంటి కొమ్ములతో. నాకు దుప్పి వద్దు. నా పిల్ల రెండు కళ్ళతో, పది వేళ్ళతో ఇంటికొస్తే చాలు.

కానీ ఆ ఒక్క కోరిక కోసమే కదా నేను ఆ పని చేశాను. వెండెలా జేబులో ఉన్నవి వాళ్ళ నాన్న చేసిన తూటాలు కావు. అంగట్లోవి. తెచ్చినదాన్ని నేను, మార్చినదాన్ని నేను. తనకు తెలియదు. తెలియని తూటాతో, వేరే తూటాకి గురి సరిచేసిన రైఫిల్‌తో, నా కూతురు ఒక ప్రాణి మీద గురిపెట్టబోతోంది. ఈ మాట తనకిప్పుడు చెప్పాలంటే నేను చెయ్యాల్సిందల్లా ఆ వాకీటాకీ పక్కనున్న బొత్తాం నొక్కడమే. జట్టులో పదకొండు మంది చెవుల్లోనూ నా గొంతు పడుతుంది. నా గొంతు వాళ్ళకు కొత్త కాదు. ఎవర్ట్ మాటు మీదుంటే నేను అరగంటకోసారి నొక్కి, చలేస్తోందా, సాక్సు తడిసిందా అని అడిగేదాన్ని, అడిగి బొత్తాం వదలడం మరిచేదాన్ని, జట్టంతా నా కెటిల్ కూత, నేను కుర్చీ జరుపుకోవడం వినేవాళ్ళు. "వదలవే గున్నెల్, వదిలితేనే కదా ఎదుటివాడి మాట వినిపించేది" అనేవాడు ఇంటికొచ్చాక. నా భయాల మీద బతికినంత కాలం వేళాకోళమే. "మా ఆవిడ పుట్టేటప్పుడే మంత్రసానిని అడిగిందట, నీ చేతులు జారవు కదా అని." జట్టు నాయకుడు హిల్డింగ్ ఆ మాటకి ప్రతి ఏడూ మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు. నవ్వనీ. వెండెలా పుట్టినప్పుడు నాకు నలభై ఒకటి, ఒక్కగానొక్కది, అది పాకితే పొయ్యి గుర్తొచ్చేది, నడిస్తే చెరువు గుర్తొచ్చేది, ఇప్పుడు దుంగల లారీ నడుపుతుంటే రోడ్డు మలుపులన్నీ నా కడుపులో తిరుగుతాయి.

తూటాలు చేయడం ఎవర్ట్‌కి చలికాలపు పని. ఒకరు ఊలు అల్లుతారు, ఒకరు పడవ తెడ్లు చెక్కుతారు, మా ఇంట్లో కొట్టుగది బల్ల మీద తూటాలు. పేలిన ఇత్తడి గొట్టాలు కడిగి ఆరబెట్టడం, అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ళ గుచ్చడం, తుపాకి మందు తూచి పోయడం, పైన సీసం గుండు నొక్కడం. చివరికి ఆ బిళ్ళ చుట్టూ చెమ్మ దిగకుండా నా గోళ్ళరంగు తీసుకుని ఒక ఎర్ర గీత పెట్టేవాడు. ఆ సీసా నేను వెండెలా బాప్టిజానికి కొనుక్కున్నది, ఆ ఒక్క రోజే వేసుకున్నాను, మిగిలిందంతా దుప్పుల పాలైంది, అది ఎండిపోతే అదే రంగుది ఇంకోటి కొనిచ్చేవాడు, నీకేనే అంటూ. జట్టులో సగం మందికి ఆ పని నేర్పింది తనే. నేర్పేటప్పుడు మొదట చెప్పే మాట ఒక్కటే: బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. పిట్టల తుపాకికి వాడే మందు చురుకైనది, దుప్పుల తూటాలో అది పడితే తుపాకి గొట్టం చీలుతుంది, కాల్చినవాడి మొహం ఎక్కడుంటుందో అక్కడే. "రెండో డబ్బా మూత తీసేవాడు నా కొట్టులోకి రాకూడదు." ఎన్నిసార్లు విన్నానో. చేతులు వణకడం మొదలైన మూడో ఏడు తూకం అంకెలు కూడా కనబడక నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి వంటశాలలో చేరినదాన్ని, చుక్క తర్వాత అంకెలంటే నాకు మొదటి నుంచీ దడ. నేను చదవడం, తను పోయడం, నేను మళ్ళీ చదవడం. మొన్న జనవరిలో ఇరవై తూటాలు చేస్తున్నాం. సగంలో ఫోను మోగితే లేచి వెళ్ళాను, మా చెల్లెలు, తన మోకాలు గొడవ. తిరిగొచ్చేసరికి బల్ల మీద రెండు డబ్బాలు. రెండింటి మూతలూ తీసి ఉన్నాయి.

ఆ క్షణం ఎవర్ట్ మొహం. దాని గురించి ఎవరికీ చెప్పలేదు. దొంగతనం చేస్తూ దొరికినట్టు కాదు, తప్పిపోయినవాడు తన ఇంటి గుమ్మం ముందే నిలబడి ఇది ఎవరిల్లు అని అడిగినట్టు. "నేను తియ్యలేదే" అన్నాడు. తర్వాత, "తీశానా?" అన్నాడు. అప్పటికి ఎన్ని గొట్టాల్లో ఏ మందు పడిందో తనకు తెలియదు, నాకు తెలియదు. నా వైపు చూడకుండా, అన్నిట్లోనూ గుండ్లు నొక్కేశాడు, ఇరవైకీ ఎర్ర గీతలు పెట్టాడు, గీత పక్కకి కారి వేలి మీద పడింది. "ఎండాకాలం వచ్చాక అన్నీ విప్పేస్తాను. హిల్డింగ్‌కి తెలియనివ్వకు, సరేనా?" సరే అన్నాను. ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయాడు. పదకొండు రోజుల ఆసుపత్రి, నేల గడ్డకట్టి సమాధి తవ్వడానికి ఆవిరి గొట్టాలు తేవాల్సి వచ్చింది. వెండెలా ఏడవలేదు. శవపెట్టె కిందికి దిగుతున్నప్పుడు కూడా చేతులు జేబులో పెట్టుకుని నిలబడింది, మర్నాడే లారీ ఎక్కింది, ఏడవని మనిషి ఎక్కడో మలుపులో ఒక్కసారిగా కళ్ళు కనబడక చెట్టుకు గుద్దేస్తుందని నేను ఆరు నెలలుగా ఫోను దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. మే నెలలో బీరువా సర్దుతూ ఆ ఇరవై తూటాలున్న రేకుడబ్బా పట్టుకుని వచ్చింది. "అమ్మా, నాన్న చివరగా చేసినవి. ఈసారి వీటితోనే." నేను అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. దాని మొహం చూసి, పాలు పొంగుతున్నాయన్నాను. పొయ్యి మీద పాలే లేవు.

ఆగస్టులో జట్టంతా గురి సరిచూసుకునే రోజు నేను చర్చికి వెళ్ళాను, దేవుడి మీద భక్తితో కాదు, ఆ మోత వినలేక. ఎనిమిది పేల్చానంది వచ్చాక. అన్నీ నా అరచేయంత చోట పడ్డాయంది. మొహం కొంచెం పాలిపోయి ఉంది, తినలేదేమో అనుకున్నాను. ఎనిమిది బాగున్నాయంటే సంతోషించాలి కదా, నా బుర్ర అలా పని చెయ్యదు, ఎనిమిది బాగున్నాయంటే చెడ్డవి మిగిలిన పన్నెండులోనే ఉన్నాయని లెక్క తేలింది. పోయిన బుధవారం పట్నం వెళ్ళాను. రైఫిల్ లైసెన్సులో నా పేరు కూడా ఉంది, ఎవర్ట్ పోరు పడలేక ఒకప్పుడు వేట పరీక్ష రాశాను, రెండోసారికి గట్టెక్కాను, జీవితంలో ఒక్క తూటా కాల్చలేదు. ఆ అంగట్లో గోడ పొడుగునా పెట్టెలు, ప్రతి పెట్టె మీదా అదే దుప్పి, చావబోయేదేదీ అంత ఠీవిగా నిలబడి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. కౌంటర్ దగ్గర అమ్మాయి మంచిది, జడ వేసుకుంది, ఓపికగా అడిగింది. సీసమా, రాగా? బరువుగా నెమ్మదిగా పోయేదా, తేలిగ్గా వేగంగా పోయేదా? పొదల్లోనా, బయల్లోనా? ఎంత దూరం? చిత్తడినేల అంచు, డెబ్భై అడుగులు వేస్తే దాటేస్తాం అన్నాను. రాగి అయితే మాంసం పాడవదు, ఇప్పుడు చాలామంది అవే తీసుకుంటున్నారు అంది. నేను చేతిరుమాలు విప్పి ఎవర్ట్ తూటా ఒకటి కౌంటర్ మీద పెట్టాను. "అచ్చం ఇలాగే కనబడేది కావాలి." తను తిప్పి చూసింది, ఎర్ర గీత చూసి నవ్వింది. "ఆరున్నర మిల్లీమీటర్ల రైఫిల్, పది గ్రాముల సీసం, మొండి మూతి. ఇది ఉందండీ. కానీ చూడ్డానికి ఒకటే, పోవడానికి ఒకటి కాదు. ఇంట్లో చేసినదాంట్లో మందు ఎంతుందో మనకు తెలియదు కదా. దీనికి మళ్ళీ గురి సరిచూడాలి, కనీసం ఐదు కాల్చి చూడమనండి. మరిచిపోకండి." మరిచిపోను అన్నాను. మరిచిపోలేదు కూడా.

ఇంటికొచ్చి వెండెలా పనిలో ఉండగా కూర్చున్నాను. కొత్త ఇత్తడి ధగధగమంటోంది, పాతది చింతపిక్క రంగు. పొయ్యి మసి, పెనం మీద మిగిలిన నూనె కలిపి గుడ్డతో పన్నెండింటినీ రుద్దాను. ఇత్తడి మెరవాలని తోమేవాళ్ళనే చూశాను, మెరుపు చావాలని రుద్దినదాన్ని నేనొక్కదాన్నే. తర్వాత గోళ్ళరంగు సీసా తీసి, ఒక్కోదాని అడుగున ఎర్ర గీత పెట్టాను, ఊపిరి బిగబట్టి, కళ్ళద్దాలు రెండు జతలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని. సీసా మూత మీద ఎవర్ట్ వేలి ముద్ర ఎండిపోయి ఉంది. ఆయన తూటాలు ఎక్కడ దాచినా బయటపడతాయి, నేలలో పాతితే కుక్క తవ్వుతుంది, పొయ్యిలో వేస్తే నేనే పోతాను. చెరువు గట్టుకి వెళ్ళి, పడవ కట్టే పలకల చివర నిలబడి ఒక్కోటీ వదిలాను. విసరలేదు. వంగి నీళ్ళకు దగ్గరగా పెట్టి వదిలాను. మా చెరువు నీళ్ళు టీ డికాషన్‌లా ఉంటాయి, అరచేయి లోతు దిగాక ఏమీ కనబడదు. పన్నెండు చిన్న చప్పుళ్ళు. చివరిదాన్ని కాసేపు పిడికిట్లో పట్టుకున్నాను, వెచ్చబడింది. ఇదే ఆ చెడ్డదైతేనో అనిపించింది, వదిలేశాను.

పొద్దున నాలుగున్నరకు గుమ్మంలో నిలబడి బూట్లు బిగించుకుంటూ అడిగింది, "అమ్మా, నాకేమైనా చెప్పాలా?" అని. మామూలుగా అడిగినట్టే. "మఫ్లర్ వేసుకో" అన్నాను. ఇంకా చూస్తూనే ఉంది. "మూడో మెట్టు చూసుకో" అన్నాను. సరే అని వెళ్ళిపోయింది. ఇప్పుడు ఈ కిటికీ దగ్గర కూర్చుంటే, ఇంతకాలం ఎక్కడ నక్కిందో, ఎప్పటిదో ఒక ఆడ దుప్పి నా జ్ఞాపకంలోకి వచ్చి నిలబడింది. వెండెలా ఇంకా పుట్టని రోజులు. ఎవర్ట్ అప్పటికి అంగడి తూటాలే వాడేవాడు, ఆ ఏడు పాత రకం దొరకలేదని వేరే పెట్టె కొన్నాడు, వాన పడుతోందని గురి సరిచూడలేదు, రెండు వేళ్ళ తేడా ఏం చేస్తుందిలే అన్నాడు. ఆ రెండు వేళ్ళు దాని పొట్టలోకి పోయాయి. రెండు రాత్రులు, మూడు పగళ్ళు వెతికారు. దొరికినప్పుడు అది బతికే ఉందట, పక్కన దూడ నిలబడి ఉందట. ఎవర్ట్ ఇంటికొచ్చి చొక్కా విప్పకుండా స్నానాల గదిలో నేల మీద కూర్చున్నాడు, ఆ చలికాలమే కొట్టులో బల్ల వేశాడు. ఇకమీద నా తూటా ఏదో నాకు తెలిసి ఉండాలి అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆయన ఏ తప్పు మళ్ళీ జరగకూడదని వేళ్ళు కాల్చుకున్నాడో, అచ్చం ఆ తప్పునే నేను మసి పూసి, గోళ్ళరంగు పెట్టి, కూతురి జేబులో వేశాను. చెప్పేస్తే? ఎందుకు మార్చావని అడుగుతుంది. రెండు డబ్బాల సంగతి చెప్పాలి. హిల్డింగ్ వింటాడు, జట్టంతా వింటుంది, వెండెలా దగ్గర మిగిలిన ఆ ఒక్క మంచి తండ్రి, చేయి తప్పని తండ్రి, వాడు కూడా పోతాడు.

గరగర తెగింది. తుస్సా అనే కుక్కతో నడిచే యెర్కర్ గొంతు, ఆయాసంగా. "నిలబెట్టింది. తుస్సా దుప్పిని నిలబెట్టింది. చిన్న చెరువుకి ఉత్తరాన." దూరంగా కిటికీలోంచే వినిపించింది నాకు, కుక్క మొరుగు, ఆగకుండా, ఒకే చోట నుంచి. హిల్డింగ్ అన్నాడు, "అందరూ నోళ్ళు మూసుకోండి. ఓస్కర్, నువ్వు ముఖ్యంగా, ఆ చిప్స్ పొట్లం కూడా." ఎవరో ముక్కుతో నవ్వారు. మళ్ళీ గరగర. నేను లేచాను, కప్పు పక్కకి పడింది, కాఫీ బల్ల అంచున కారుతోంది, కారనీ. మొరుగు కదిలింది. "కదిలింది. పెద్ద పోతు. దక్షిణానికి దిగుతోంది, ఐదు దాటింది, ఆరు దాటింది," యెర్కర్ గుసగుసగా, "ఏడు, ఏడు, వెండెలా, నీ వైపే." ఇక్కడి నుంచి నాకు కనబడదు, అయినా కనబడుతోంది, పొగమంచులోంచి మొదట కొమ్ములు, తర్వాత మూపు, నా కూతురు చెంప రైఫిల్ కర్రకి ఆనించింది, ఎవర్ట్ చెంప అరిగి నునుపైన చోట, రెండు వేళ్ళు, రెండు వేళ్ళు, మూడు పగళ్ళు. ఎప్పుడు తీసుకున్నానో వాకీటాకీ నా చేతిలో ఉంది. బొటనవేలు దానంతటది దిగింది. "వెండెలా, అమ్మని. కాల్చకు. అవి నాన్న తూటాలు కావు. నేను మార్చాను. గురి తప్పుతుంది తల్లీ, కాల్చకు." బొత్తాం వదిలాను. దూరంగా కుక్క మొరుగు ఆగలేదు. తర్వాత, ఊపిరి కంటే సన్నగా, నా కూతురు: "తెలుసమ్మా. వదిలెయ్."

అప్పుడే మోగింది. ఒక్కటి. చిత్తడినేల మీద దొర్లి, కొండకి తగిలి, వెనక్కి వచ్చింది. రెండోది రాకూడదు, రెండోది రాకూడదు. నేను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను, ఎన్ని దాకా పెట్టానో తెలియదు. "పడింది," అంది వెండెలా. "నిలబడ్డ చోటే." కుక్క మొరగడం ఆపింది. ఎవరెవరో ఒకేసారి మాట్లాడారు, హిల్డింగ్ అందర్నీ అదలించి, "మీ నాన్న మాటు పరువు నిలబెట్టావు అమ్మాయ్. గున్నెల్, నీతో తర్వాత మాట్లాడతాను, ముందు కాఫీ పెట్టు" అన్నాడు. వెండెలా ఒక్క మాటే అంది, "అమ్మా, పదకొండుకి రా." పదకొండో చానెల్ ఎవర్ట్‌దీ నాదీ, సాక్సుల గురించి అడగడానికి ఆయనే చూపించాడు, జట్టు చెవిన పడకుండా. నా వేళ్ళకు ఆ మీట దొరకడానికి చాలాసేపు పట్టింది.

"ఏ తూటాకైనా చేపలు వేయించిన నూనె వాసన వస్తుందా అమ్మా?" గొంతులో నవ్వుంది, నవ్వు కిందే ఇంకేదో. "శనివారం డబ్బా తెరవగానే తెలిసింది. పైగా నీ గీతలు తిన్నగా ఉన్నాయి. నాన్నవి కారేవి కదా." మరి ఇప్పుడు దేనితో కాల్చావే అన్నాను. "నేను కొన్నవి. ఆగస్టు నుంచీ వాటికే గురి సరిచేసి ఉంచాను. నీకు చెప్పలేదు. ఆ రోజు ఎనిమిదోది పేల్చాక రైఫిల్ బోల్టు తెరుచుకోలేదు, చెక్కసుత్తితో కొట్టి తీశాను, ఇత్తడి గొట్టం పక్కన పగిలి ఉంది. హిల్డింగ్ అటు తిరిగి ఉన్నాడు. తీసి జేబులో వేసుకున్నాను. నాన్న పేరు పోతుందని." నా పిల్ల రెండు కళ్ళు. పది వేళ్ళు. జీవితమంతా పడ్డ భయాల్లో ఒక్కటంటే ఒక్కటి నిజమైంది, ఆ పూట నేను చర్చిలో పాటల పుస్తకంలో తప్పు పేజీ తిప్పుతున్నాను. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఒకే మనిషిని ఒకరి నుంచి ఒకరం దాచాం. "నాన్నవి ఎక్కడ పెట్టావు?" అంది. "ఈ పొద్దున ఒకటి జేబులో వేసుకుని రావాలనుకున్నాను, కాల్చడానికి కాదు. నువ్వే ఇస్తావేమోనని గుమ్మంలో అడిగాను. ఒకటి విప్పి, మందు పారబోసి, ఖాళీది బండి తాళాలకు తగిలించుకుంటా. ఆ గీత ఉన్నది. ఎక్కడ పెట్టావమ్మా?"

బొత్తాం నొక్కాను. చెరువులో అన్నాను. పన్నెండూ. పలకల చివర, లోతున్న చోట. ఒక్కటైనా ఉంచుకోవాల్సింది, నాకు తట్టలేదు, పేలుతుందేమో అన్నది తప్ప నాకు ఏదీ తట్టదు, నీకు తెలుసు కదా. చెప్పేసి కూడా బొత్తాం వదల్లేదు. నేను నొక్కి ఉంచినంతసేపూ తను మాట్లాడలేదు, ఏమంటుందో నాకు వినిపించదు. గడియారం తిరుగుతోంది, కాఫీ చుక్కలు నేల మీద పడుతున్నాయి, అవన్నీ తనకి వినిపిస్తూ ఉంటాయి. వదలవే గున్నెల్. బొటనవేలు ఎత్తాను. మొదట గాలి. తర్వాత, పొగమంచు అవతల నుంచి, ఫిబ్రవరి నుంచి నేను ఎదురుచూస్తూ భయపడుతూ ఉన్న ఆ చప్పుడు. నా కూతురు ఏడుస్తోంది, మాటు మీద, వాళ్ళ నాన్న కూర్చున్న పలకల మీద, తన బొత్తాం గట్టిగా నొక్కి పట్టుకుని, నాకు వినిపించేలా. మఫ్లర్ అనలేదు. మూడో మెట్టు అనలేదు. పెట్టెను చెవికి ఆనించుకుని, బొటనవేలు దూరంగా పట్టుకుని, విన్నాను.